వేంకటపతి దేవరాయలు: వార్ధక్యమును అధికారమును

మనుష్యునకు వార్ధక్యము రెండు విధములుగ వచ్చును. కొందఱకది కోఁత ముగిసిన పొలమువలె నుండును. వారు పంటను ఇంటికిఁ జేర్చి, విత్తనమును మఱియొకరి చేతికిచ్చి, తృప్తితో గట్టుమీఁదఁ గూర్చుందురు. మఱికొందఱకది కావలివాని రాత్రివలె నుండును. వారు ఆకు కదలినను దొంగ వచ్చెనని యులికిపడుచు, తాళపుచెవులను తలక్రింద నుంచుకొని నిద్రలేక గడపుదురు. ఈ భేదము ధనమువలనఁ గాని విద్యవలనఁ గాని కలుగునది కాదు. తన చేతనున్నది తనది కాదనియు, కొంతకాలమునకై తనకప్పగింపఁబడిన న్యాసము మాత్రమే యనియు నెఱిఁగినవానికి మొదటి వార్ధక్యము లభించును. ఎఱుఁగనివానికి రెండవది తప్పదు.

ఈ విషయమును విచారించుటకు దూరదేశముల చరిత్రములను వెదకఁబని లేదు. తిరుపతికి ఏడెనిమిది మైళ్ల దూరమున, స్వర్ణముఖీనదికి సమీపమున, చంద్రగిరి కొండక్రింద మూఁడంతస్తుల రాజమహలు నేఁటికిని నిలిచియున్నది. పురావస్తుశాఖవారు దానిని ప్రదర్శనశాలగఁ జేసి కాపాడుచున్నారు. తిరుమల యాత్రకు వచ్చిన గృహస్థులు మరలిపోవునప్పుడు దానిని చూచి, రాయలకాలపు వైభవమును తలఁచుకొని నిట్టూర్చుదురు. ఆ దుర్గమున కొలువు తీర్చి, 1586 మొదలు 1614 వఱకు రాజ్యమేలిన అరవీటి వేంకటపతి దేవరాయల జీవితమును మేము ఇచ్చట సంగ్రహముగఁ జెప్పఁదలఁచితిమి. ఆయన దుర్మార్గుఁడు కాఁడు. దుర్మార్గుని చరిత్రమైనచో మన కుపయోగము స్వల్పము. అది మనది కాదని త్రోసివేయుదుము. ఈయన బుద్ధిశాలి, శూరుఁడు, భక్తుఁడు, పరమతసహనము కలవాఁడు. అట్టివాని యింటనే అంతటి యనర్థమెట్లు పుట్టెనో తెలిసికొనవలయును.

పోర్చుగీసు ఫాదరియైన బర్రదాసు 1616లో కొచ్చినుండి వ్రాసిన లేఖనుబట్టి రాయలు మరణకాలమునకు అఱువదియేడేండ్లవాఁడు. కావున 1547 ప్రాంతమున జన్మించినవాఁడు. రక్కసి-తంగడి యుద్ధము 1565 జనవరి 23వ తేదీన జరిగెను. నాఁటికి ఆయనకు సుమారు పదునెనిమిదేండ్లు. అనఁగా విజయనగరము బ్రదికియున్న దినములను ఎఱిఁగి, అది శిథిలమగుట కూడ ఎఱిఁగిన తరమువారిలో ఆయన యొకఁడు. యుద్ధమున తలఁగోల్పోయిన అళియ రామరాయలు ఆయనకు పెదతండ్రి. ఆ వృద్ధమంత్రి, న్యాయముగ రాజైన సదాశివరాయలను పేరునకు మాత్రము సింహాసనమున నిలిపి, నగరున కావలిలో నుంచి, సర్వాధికారమును తానే నడపెను. రామరాయల తమ్ముఁడు తిరుమలదేవరాయలు యుద్ధానంతరమున సదాశివుని, మిగిలిన ధనమును వెంటఁగొని పెనుగొండకుఁ జేరి, కొన్ని యేండ్లకు తానే పట్టము కట్టుకొనెను. ఆయన తన రాజ్యమును కుమారులకు పంచెను. పెనుగొండయందు శ్రీరంగరాయలు తెలుఁగుసీమను, శ్రీరంగపట్టణమందు రామరాయలు కన్నడసీమను, చంద్రగిరియందు వేంకటపతి అరవసీమను పాలించిరి.

చంద్రగిరిదుర్గమునకు అప్పటికే యొక చరిత్రము కలదు. సాళువ నరసింహుఁడు ఆ కోటనుండియే బలపడి సామ్రాజ్యమును చేపట్టెను. శ్రీకృష్ణదేవరాయలు 1509లో రాజ్యమునకు వచ్చినపుడు, తన తమ్ములను, అన్నకొడుకును ఆ కోటకే పంపి కావలిలో నుంచెనని నూనిజు అను పోర్చుగీసు వర్తకుఁడు వ్రాసియున్నాఁడు. 1529లో రాయలు మరణించిన పిదప అచ్యుతదేవరాయలు అచ్చటినుండియే వచ్చి సింహాసన మెక్కెను. తెలుఁగువారు తలయెత్తి చెప్పుకొను చక్రవర్తి సైతము తనకు తరువాతివారిని చూచి భయపడెను. రాజ్యము కావలయును, వారసుఁడు కావలయును, కాని ఆ వారసుఁడు కంటికెదురుగ తిరుగరాదు! అధికారమునకు సహజమైన యీ వ్యాధి చంద్రగిరి గోడలకు క్రొత్తది కాదు. ఆ గోడలనడుమ యౌవనమును గడపిన వేంకటపతి వార్ధక్యమున అదే వ్యాధికి లోనయ్యెను.

పెనుగొండయందు శ్రీరంగరాయలు సంతానము లేక 1586 ప్రాంతమున గతించెను. నడిమివాఁడైన రామరాయలు అంతకుముందే పోయెను. ఆయనకు తిరుమలరాయఁడు, శ్రీరంగఁడు అను ఇద్దఱు కుమారులుండిరి. పుత్రక్రమమునుబట్టి చూచినచో రాజ్యము వారిది. కాని శత్రువు గుమ్మమున నిలిచియుండఁగా సామంతులు పినతండ్రియైన వేంకటపతినే కోరుకొనిరి. ఆ నిర్ణయమును మేము తప్పుపట్టము. ఆపత్కాలమున సమర్థుని నిలుపుకొనుట ప్రజాక్షేమమునకు అవసరమే. అయితే అట్టి రాజు తన పదవి మఱియొకరి భాగమునుండి వచ్చినదని మఱవఁగూడదు.

రాయలు సమర్థుఁడేయని వెంటనే తెలిసెను. తరువాతి కాలమున హైదరాబాదు నగరమును నిర్మించిన గోలకొండ సులతాను మహమ్మదు కులీ కుతుబుషా స్వయముగ సేనతో వచ్చి పెనుగొండను చుట్టుముట్టెను. వేంకటపతి సంధిమాటలాడుచు కొన్నిదినములు గడువు సంపాదించెను. ఆ వ్యవధిలో జగదేవరాయఁడు మొదలగు సేనానులచేత ధాన్యమును, బలములను కోటలోనికిఁ జేర్పించెను. సులతాను తిరిగివచ్చి చూచునప్పటికి కోట సిద్ధముగ నుండెను. ఇంతలో వర్షాకాలము సమీపించెను. కృష్ణానది పొంగినచో తన రాజ్యమునకు త్రోవ మూసికొనిపోవునని తలఁచి ఆయన ముట్టడి విడిచి మరలిపోయెను. అనంతరము రాయలు పోయిన సీమలలోఁ గొన్నింటిని మరల గైకొనెను, తిరుగఁబడిన నాయకులను అణఁచెను. 1592 ప్రాంతమున తన కొలువును పెనుగొండనుండి చంద్రగిరికి మార్చెను. నలువదియైదేండ్ల వయస్సున ఆయన తన పురుషార్థమునకు శిఖరమున నుండెననవచ్చును.

చంద్రగిరి కొలువు ఉదారమైనది. రాయలు స్వయముగ వైష్ణవుఁడు, తాతాచార్యులవారి శిష్యుఁడు. అయినను శైవాద్వైతియైన అప్పయ్యదీక్షితులు ఈయన ప్రేరణచేతనే కువలయానందమను అలంకారగ్రంథమును రచించెను. 1598లో ఏసుసభకు చెందిన ఫాదరీలు చంద్రగిరికి రాఁగా వారికి దర్శనమిచ్చి, దేవాలయము కట్టుకొనుటకు అనుమతించి, వారి పోషణకు గ్రామముల నిచ్చెను. ఐరోపీయ చిత్రకారులు వ్రాసిన పటములను చూచుట ఆయనకు మిక్కిలి ప్రీతి. ఏసుక్రీస్తు చరిత్రమునకు సంబంధించిన చిత్రములను తెప్పించుకొని, వాని యర్థము నడిగి తెలిసికొనుచుండెను. ఐరోపాఖండమున మతభేదముపేర మనుష్యులను కాల్చుచున్న కాలమది. 1600లో రోమునగరమున బ్రూనో అను తత్త్వజ్ఞుని సజీవముగ దహించిరి. అదే కాలమున మన చంద్రగిరిలో ఒక హిందూరాజు పరమతస్థులను పిలిచి కూర్చుండఁబెట్టి దైవమును గూర్చి ప్రశ్నించుచుండెను. సర్వమతములయందును సత్యాంశమును గౌరవించు మన సమాజమువారికి ఇది సంతోషింపఁదగిన విషయము.

ఆ కొలువునందు మఱియొక భావము కూడ దట్టముగ నలముకొనియుండెను. అది గతవైభవముపై మోహము. హంపీ పాడుపడి దశాబ్దములు గడచినను, దానపత్రములయందు రాయల బిరుదములు మునుపటి చక్రవర్తుల బిరుదములవలెనే సాగెను. కృష్ణకుత్తరమున చేయిచాఁప వశముకాని రాజు సమస్తదిక్కుల రాజులచేతను సేవింపఁబడువాఁడుగ వర్ణింపఁబడెను. పూర్వపు రాయలు శాసనముల తుదను పంపాక్షేత్రపు విరూపాక్షుని పేర సంతకము చేయుచుండిరి. విరూపాక్షుని సన్నిధి విడిచి వచ్చిన వేంకటపతి తిరుమలవేంకటేశుని పేర సంతకము చేసెను, నాణెములపై నా స్వామి నామమునే వేయించెను. తిరుమలదేవాలయమున ప్రవేశించినంతనే కనఁబడు రాజవిగ్రహములలో చేతులు జోడించి నిలిచిన రాగివిగ్రహ మాయనదేయని చెప్పుదురు. భక్తిని మేము పరిహసింపము. అయితే నాణెముమీఁద దేవుని పేరు చెక్కించినంత మాత్రమున కోశాగారము దేవునిది కాదు. దేవునిదని నిజముగఁ దలఁచినవాఁడు దానిని మఱియొకరికి అప్పగింపవలసివచ్చినపుడు తల్లడిల్లఁడు.

పోయిన దానిని తలఁచుట మనుష్యధర్మమే. వృద్ధులకు అది యొక ఊఱట. కాని గతమునందే నివసింపఁదొడఁగినవానికి వర్తమానము చేతినుండి జాఱిపోవును. రాయలకును అట్లే జరిగెను. యాచమనాయఁడు ఆయన పక్షమున వేలూరి లింగమనాయకుని ఓడింపఁగా, 1604 ప్రాంతమున రాయలు వేలూరికోటను చేపట్టి అచ్చట కొలువు తీర్చెను. బయటికి అది విజయమే. కాని 1610లో మైసూరు రాజవొడయరు శ్రీరంగపట్టణమును ఆక్రమించి, రాయల అన్నకొడుకైన తిరుమలరాయని వెడలఁగొట్టెను. వృద్ధరాజు వాని ననుగ్రహించి సాయము పంపలేదు; రాజవొడయరును శిక్షింపనూ లేదు. 1612లో ఆ యాక్రమణమునే ధ్రువపఱచుచు పత్రము వ్రాసియిచ్చెను. అదే యేండ్లలో పులికాటు తీరమున డచ్చివారు ఒడంబడిక పొంది, కోట కట్టుకొనిరి. బిరుదములు పెరుగుచుండెను, రాజ్యము తఱుగుచుండెను.

ఇఁక ఆయన గృహమును గూర్చి చెప్పవలయును. శాసనములయందు ఆయన రాణుల పేర్లు నాలుగైదు కానవచ్చును. ఎవ్వరియందును సంతానము కలుగలేదు. గొబ్బూరివారి యాఁడుబిడ్డయైన బాయమ్మ యను రాణిపై రాయలకు అనురాగ మెక్కువ. సంతానమునకై ఆమె చేయని ప్రయత్నము లేదు. తుదకు పుట్టినింటనున్న యొక బ్రాహ్మణస్త్రీ తాను గర్భవతినని చెప్పి, రాణి కూడ గర్భవతినని ప్రకటించుకొనవచ్చుననియు, తనకు పుట్టిన శిశువును రహస్యముగ నగరునకుఁ బంపెదననియు ఉపాయము చెప్పెను. రాణి యట్లే చేసెను. మగశిశువు నగరు చేరెను. రాణికి కొమారుఁడు కలిగెనని దేశమంతట చాటిరి. ఈ వృత్తాంతమంతయు బర్రదాసు లేఖలోనిదే. అందుఁ గల మఱియొక విషయమే మనకు ముఖ్యము. రాయలకు ఈ మోసము తెలియును. తెలిసియు, రాణిపై ప్రేమచేత, తెలియనివానివలె నటించి ఉత్సవములు చేయించెను, యువరాజునకుంచు పేరునే ఆ బాలునకుంచెను.

ఇచ్చట మొదట రాణిని నిందించుట సులభము. మేము అట్లు చేయము. గొడ్రాలన్న మాటకంటె మించిన దండనము లేని సంఘమున, సవతుల నడుమ, పుత్రుఁడు లేక స్త్రీకి గౌరవముగాని రక్షణముగాని లేనప్పుడు, ఆమె చేసిన కపటమున సంఘమునకే అధికభాగము. బహుభార్యాత్వమను దురాచారము మగవానికి సౌఖ్యమిచ్చునని తలంతురు. అది అతని యింటిని అసత్యములకు పుట్టినిల్లు చేయును. ఇఁక రాయలకు వేఱు మార్గము లేకపోయెనా? న్యాయవాదవృత్తిలోనున్న మేము ఆ ప్రశ్న వేయక మానము. అన్నదమ్ములలో నొకనికి పుత్రుఁడున్నచో అందఱును పుత్రవంతులేయని మనుధర్మశాస్త్రము అంగీకరించుచున్నది. అన్న రామరాయల కుమారులు కన్నులయెదుటనే యున్నారు. వారిలో నొకనిని సభాసమక్షమున దత్తుఁడుగఁ గైకొని, రాజ్యవ్యవహారములందు శిక్షణ మిచ్చియుండినచో ధర్మము నిలిచియుండును. శాస్త్రము త్రోవ చూపెను. ఎవరి భాగమున తాను రాజయ్యెనో వారిని వారసులుగ నొప్పుకొనుట అభిమానమునకు కష్టమయ్యెను. నేఁటికి కాదు, రేపు చూతమని ఆయన దాఁటవేసెను.

పాపము ఆ బాలుని స్థితి యోచింపుఁడు. రాయలు వానిని కొమారుఁడు కాఁడని చెప్పలేదు, కొమారునివలె చూడనూ లేదు. చంద్రగిరినగరున మూసియుంచెను. రాణితోఁ గూడి తప్ప వెలుపలికి పోనిచ్చెడివాఁడు కాఁడు. వానికి పదునాలుగేండ్లు రాఁగా, బావమఱఁదిని తృప్తిపఱచుటకై, తన మేనకోడలి నిచ్చి వివాహము చేసెను. ఒకవైపున వాఁడు యువరాజని లోకము నమ్మునట్లు సర్వసంస్కారములు జరిపించుట, ఇంకొకవైపున వానికి రాజ్యము రాఁగూడదని మనస్సులో నిశ్చయించుకొనుట! పెదతండ్రి రామరాయలు నిజమైన రాజును చెఱలోనుంచి తాను రాజువలె నడచెను. అర్ధశతాబ్దము తరువాత తమ్మునికొడుకు నిజము కాని యువరాజును చెఱలోనుంచి తండ్రివలె నటించెను. రెండును ఒక్క వ్యాధి లక్షణములే. సత్యమును చెప్పుటవలన కలుగు చిన్నకలహమునకు భయపడి, చెప్పకపోవుటవలన కలుగఁబోవు మహాకలహమును రాయలు పెంచి పోషించెను. గొబ్బూరి జగ్గరాయఁడు మొదలైన రాణి బంధువులు ఆ పదునాలుగేండ్లును రాజ్యము తమదేయని నమ్మి బలపడుచుండిరి.

1614 అక్టోబరు మాసమున రాయలు మంచముపట్టెను. మరణమునకు మూఁడు దినములు ముందు, వేలూరిలో, కొందఱు ప్రభువుల సమక్షమున అన్నకొడుకైన శ్రీరంగని పిలిపించెను. చిక్కరాయఁడని యాయనకు వాడుకపేరు. వృద్ధుఁడు రాజముద్రికతోఁ గూడిన తన కుడిచేతిని చాఁచి దానిని గైకొమ్మనెను. శ్రీరంగఁడు కన్నీరు కార్చుచు పాదములపైఁ బడి, రాజ్యము తనకు వలదనియు, మఱియెవ్వరికైన నిమ్మనియు వేఁడుకొనెను. రాయలు సైగచేయఁగా చుట్టునున్నవారు ఆయనను లేవనెత్తి కుడివైపున నిలిపిరి. రెండవమాఱును శ్రీరంగఁడు చేతులు తలపైకెత్తి క్షమింపుఁడని ప్రార్థించెను. అప్పుడు వృద్ధుఁడు ఉంగరమును తీసి, వ్రేలికొనను నిలిపి, మరల చాఁచెను. సేనానుల ప్రోత్సాహముచేత శ్రీరంగఁడు దానిని గైకొని, శిరస్సున తాఁకించి, ఏడ్చుచునే వ్రేలికిఁ దొడిగికొనెను. పిమ్మట రాయలు తన రాజవస్త్రమును, చెవినున్న గొప్ప వజ్రమును, కుండలములను, ముత్తెములను తెప్పించి ఆయనకిచ్చెను.

ఆ ఉంగరము బంగారముకంటె బరువైనది. పదునాలుగేండ్లు దాఁచిన సత్యము, జ్యేష్ఠశాఖకుఁ జెందవలసిన భాగము, ఆశలు పెంచుకొన్న బంధువుల క్రోధము, ఏమియు నెఱుఁగని బాలుని భవిష్యత్తు, అన్నియు దానితో శ్రీరంగని వ్రేలికెక్కెను. రాయలు చేసిన నిర్ణయము న్యాయమైనదే. కాని న్యాయమునకును కాలము కలదు. విత్తనము వేయవలసినపుడు వేయక, కోఁతనాఁడు వేసినచో అది విత్తనమే యైనను మొలకెత్తదు. బలము కలనాఁడు పలికినచో శాసనమయ్యెడి మాట, మరణశయ్యపైఁ బలుకఁగా వివాదమయ్యెను.

మూఁడు దినములకు రాయలు పరమపదించెను. ఆయన దేహమును ఆయన తోఁటయందే చందనము, అగరు మొదలగు సుగంధకాష్ఠములతో దహించిరి. వెంటనే ముగ్గురు రాణులు సహగమనము చేసిరి. ఒకరికి రాయల వయస్సే. తక్కిన యిద్దఱికి ముప్పదియైదేండ్లు. అలంకరించుకొని వచ్చి, ఆభరణములను బంధువులకు, బ్రాహ్మణులకు, జనసమూహమునకు పంచి, అందఱియొద్దను సెలవుగైకొని, యెత్తైన చోటునుండి ఆ మంటలలో దుమికిరని బర్రదాసు వ్రాసెను. పులికాటురాణి ఓబమ్మ వారిలో నొకతెయని మచిలీపట్టణమున నుండిన ఫ్లోరిసు అను వర్తకుఁడు తన దినచర్యలో వ్రాసికొనెను. పులికాటు ఆమె యేలుబడిలోని పట్టణము. పరదేశపు వర్తకులతో వ్యవహరింపనేర్చిన యా బుద్ధి ఒక గడియలో బూడిదయయ్యెను.

ఆ స్త్రీల ధైర్యమును మేము కొనియాడక పోము. కాని అంతటి ధైర్యమునకు చితికంటె వేఱు ప్రయోజనము చూపలేని సంఘమును కొనియాడలేము. మఱియొక సంగతి. ఆ మూఁడు దినములలో రాయలు ఉంగరమునకు, వజ్రమునకు, వస్త్రమునకు, ముత్తెములకు, అన్నిటికిని ఏర్పాటు చేసెను. రాణుల గతియేమని ఆయన యొక్కమాటైనను పలికినట్లు ఆ లేఖలో లేదు. వారు బ్రదుకవలయునని ఆయన ఆజ్ఞాపించియుండినచో వినెడివారు లేకపోయిరా? చక్రవర్తిబిరుదములు ధరించినవాని మాట అంతఃపురమున చెల్లకపోవునా? ఆ మాట ఆయనకు తోఁచలేదు. అదియే మా దుఃఖము.

ఆ మాట పలుకుటకు మన దేశమున ఇంకను రెండువందలయేండ్లు పట్టెను. రాజా రామమోహనరాయలు 1818లో సహగమనమును ఖండించుచు వంగభాషలో మొదటి గ్రంథము ప్రకటించెను. 1828లో బ్రహ్మసమాజమును స్థాపించెను. 1829 డిసెంబరు 4వ తేదీన వంగరాష్ట్రమునను, 1830లో చెన్నపురి రాజధానియందును ఆ యాచారము శిక్షార్హమయ్యెను. అధికారులు చట్టము చేసిరి. కాని చట్టమునకు ముందు శాస్త్రములను తిరగవేసి, స్వజనుల ద్వేషమును సహించి, స్త్రీకిని ప్రాణమున్నదని చాటినవాఁడు రామమోహనుఁడు. 1987లో రాజస్థానమందలి దేవరాల గ్రామమున మరల అట్టి చితి మండఁగా, వేలకొలఁది జనులు దానిని పూజించిరని తలఁచుకొనినచో, ఈ పని ముగిసినదని యెవ్వరనఁగలరు?

తరువాతి కథ త్వరగా చెప్పుదుము. శ్రీరంగఁడు కొలఁది మాసములు మాత్రమే రాజు. జగ్గరాయఁడు మఱిద్దఱు ప్రభువులతోఁ జేరి ఆయనను భార్యాపుత్రులతోఁగూడ బంధించి, చంద్రగిరిలో పెరిగిన బాలునికి పట్టము కట్టెను. యాచమనాయఁడొక్కఁడు ఆ బాలునికి తల వంచలేదు. రాజవస్త్రములు ఉదుకు చాకలివాఁడు శ్రీరంగని నడిమికుమారుఁడైన పండ్రెండేండ్ల రాముని మైలబట్టల మూటలోఁ బెట్టి కావలివారినడుమనుండి వెలికిఁ దెచ్చెను. ఎందఱో ప్రభువుల పేర్లు వ్రాసిన చరిత్రకారులు ఆ చాకలివాని పేరు వ్రాయలేదు; వంశమును నిలిపినవాఁడు మాత్రము వాఁడే. మిగిలినవారందఱును చెఱలోనే అసువులు బాసిరి. వృద్ధుఁడిచ్చిన యుంగరమును రెండుమాఱులు నిరాకరించిన యా యువకుని కన్నీటి కర్థము అప్పుడు లోకమునకుఁ దెలిసెను. 1616 చివరను కావేరీతీరమున తోపూరువద్ద దక్షిణదేశపు నాయకులందఱును రెండుపక్షములై పోరాడిరి. జగ్గరాయఁడు హతుఁడయ్యెను, బాలరాముఁడు రాజయ్యెను. కాని ఆ యంతఃకలహమున విఱిగిన రాజ్యము మరల నిలువలేదు. 1639లో చెన్నపట్టణమున ఆంగ్లవర్తకులకు కోట కట్టుకొను అనుమతి లభించునప్పటికి రాయలవంశము నామావశిష్టముగ నుండెను.

ఇది రాజుల కథ, మనకేమి యని చదువరులు తలంపవలదు. జమీందారీలు 1948 చట్టముతో రద్దయ్యెను. కాని ప్రతి సంపన్నగృహమునను ఒక చిన్న సింహాసన మిప్పటికిని కలదు. భూమిపత్రములున్న పెట్టె, కర్మాగారపు వాటా, దేవాలయపు ధర్మకర్తృత్వము, విద్యాలయపు అధ్యక్షపదవి, సంఘపు కార్యదర్శిత్వము, ఇవన్నియు వేలూరి యుంగరములే. డెబ్బదియేండ్లు నిండిన పెద్ద ఆ పెట్టె తాళము విడువఁడు. కొడుకులకు లెక్కలు చూపఁడు. కొమార్తెకు భాగమిచ్చెదననఁడు, ఇయ్యననఁడు. కోడలికొక మాట, అల్లునికొక మాట చెప్పుచుండును. ఆయన జీవించియున్నంతకాలము ఇల్లు ప్రశాంతముగ నుండును; అది శాంతి కాదు, వాయిదా వేయఁబడిన వ్యాజ్యము. దశాహము గడవకమునుపే అన్నదమ్ములు వేర్వేఱు వకీళ్ల యిండ్లు వెదకుదురు. ఆయన వ్రేలిముద్ర వేసిన వీలునామా కడపటి వారమునాఁటిదైనచో, దానిని న్యాయస్థానమున నిలువఁబెట్టుట ఎంతకష్టమో ఈ వృత్తిలోనున్నవారెఱుఁగుదురు. ఆరోగ్యముగ నున్ననాఁడు పదిమంది యెదుట చెప్పవలసినదానిని మందులవాసనలో చెవిలోఁ జెప్పినచో ఎవ్వరు నమ్ముదురు?

స్త్రీల విషయమై మనమిఁక తెలియదని తప్పించుకొనుటకు వీలులేదు. హిందూ వారసత్వచట్టము 1956లో వచ్చెను. ఆంధ్రప్రదేశమున 1985 నుండియు, దేశమంతట 2005 నుండియు, అవిభక్తకుటుంబపు ఆస్తియందు కొమార్తెకు కొమారునితో సమానమైన జన్మహక్కు కలదు. అయినను పసుపుకుంకుమల పేర కొంచెము చేతఁబెట్టి, విడుదలపత్రముపై సంతకము చేయించుకొను గృహములు లేకపోలేదు. చితి చల్లారెను, కాని భర్త పోయిన స్త్రీ తన యింట తానే యతిథియగు స్థితి చల్లారలేదు. తన మరణానంతరము భార్య యెవ్వరిదయపైన నాధారపడక ఎట్లు జీవించునో స్పష్టముగ వ్రాసియుంచని పురుషుఁడు, వేంకటపతిరాయలు చేసిన దోషమునే చిన్నప్రమాణమునఁ జేయుచున్నాఁడు.

గతవైభవమును తలఁపవలదని మేము చెప్పము. చంద్రగిరికిఁ బోయినపుడు రాజమహలును చూచి సంతోషింపుఁడు. మతభేదము లేక విద్వాంసుల నాదరించిన యా రాజును గౌరవింపుఁడు. కాని ఆ మేడలలో వెలుపలికి రాకుండ మూయఁబడిన బాలుని, పుత్రుఁడు లేడను భీతిచే కపటమునకు లోనైన రాణిని, చితి నెక్కిన ముగ్గురిని, మూటమోసిన చాకలివానిని కూడ తలఁపుఁడు. వారిని విడిచిన స్మరణము చరిత్రము కాదు, కలమాత్రమే. కలను ప్రేమించువారు మరల అదే గోడలను కట్టుదురు.

రాయలకు తుదిదినములలో లభించినది మూఁడురోజుల వ్యవధి. మనలో ననేకులకు ఇంకను ఏండ్లు కలవు. పరబ్రహ్మము మనకిచ్చిన శరీరమును, సంపదను, అధికారమును మరల అడుగుదినము నిశ్చయము. అది యెన్నఁడో మాత్రమే అనిశ్చితము. సర్వాంతర్యామియైన యా పరమేశ్వరుఁడు, చేతిలో బలమున్ననాఁడే సత్యమును పలుకు ధైర్యమును, న్యాసమును నవ్వుమొగముతో అప్పగించు నిస్సంగత్వమును, మనతో జీవించిన స్త్రీల జీవితమును మన జీవితముతో సమానముగఁ జూచు దృష్టిని మనకనుగ్రహించుఁగాక.